తడి పాదాలు ఎవరివి?

జూన్ 3, ఆదివారం

ఇక కథలు రాయను. ఇదే ఆఖరి మాట. డైరీ రాయడం, రాయడం కిందికి రాదు. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి.

నాకేం బాధ లేదు. లైబ్రరీ మేడ మీద ఆదివారాలు కథలు రాయడం నేర్పుతారంటే వెళ్లాను. ఏడు వారాలు వెనక బెంచీలో కూర్చున్నాను. ఈ రోజు నా వంతు వచ్చింది. గురువుగారు కాగితాలు నా చేతిలోంచి తీసుకుని తనే పైకి చదివారు. ముక్కుతో చదివారు. రెండో పేజీ దగ్గర ఆపి, "ఇది కథ కాదమ్మా, ఇంటి సామాన్ల చీటీ" అన్నారు. పద్దెనిమిది మంది నవ్వారు. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, తల దించుకుని చెప్పుల జతలు లెక్కపెట్టాను. పంతొమ్మిదో నవ్వు నాది. అదొక్కటే కాస్త... సరే, పోనీ.

నలభై మూడేళ్ల మనిషిని. కళ్లజోళ్ల షాపులో పదహారేళ్లుగా చూపు పరీక్ష చేస్తున్నాను. ఆ పని నాకు వచ్చు. చాలు.

ఇంటికొచ్చాక మా ఆయన "ఎలా జరిగింది?" అన్నాడు. బాగానే జరిగిందన్నాను. "సూపర్" అన్నాడు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. నేనేం రాసి చూపించినా సూపర్ అంటాడు. ఒకసారి పొరపాటున మందుల చీటీ చేతికిచ్చాను. దానికీ సూపరే.

జూన్ 4

ఏమీ రాయలేదు. హాయిగా ఉంది.

జూన్ 5

ఈ రోజు కూడా చాలా హాయిగా ఉంది.

జూన్ 8, శుక్రవారం

ఓనరు, షాపులో ఉన్న దగ్గరి చూపు కార్డు మీద టీ ఒలకబోశాడు. నలభై దాటినవాళ్ల చేతికి మేమిచ్చే కార్డు అది. పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. ఎక్కడ నత్తి మొదలవుతుందో చూసి అద్దం మారుస్తాం.

"కొత్తది టైపు చేయించండి. ఓ అయిదు వాక్యాలు ఏవో ఒకటి రాసి పడెయ్యండి" అన్నాడు.

"ఏవో ఒకటంటే ఏం రాయను సార్?"

"అక్షరాలుంటే చాలండీ. ఎవడు చదువుతాడు?"

"చదవడానికే కదా సార్ అది."

"అదే. చదువుతారు. కానీ చదవరు."

ఓనరు ఒక్కోసారి తనకు తెలియకుండానే చాలా లోతుగా మాట్లాడతాడు.

లంచ్‌లో రాసేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

గొడుగు ఎవరిదో తెలియదు.
వాన లేని రోజున ఎవరో దాన్ని మెట్ల మీద మర్చిపోయారు.
మూడో అంతస్తు ఆవిడ తనది కాదంది.
రెండో అంతస్తు ఆయన కూడా తనది కాదన్నాడు కానీ, దాని పిడి వంక అదోలా చూశాడు.
సాయంత్రానికి గొడుగు లేదు, మెట్ల మీద మాత్రం తడి పాదాల గుర్తులున్నాయి.

ఇది కథ కాదు. అక్షరాలు.

జూన్ 13, బుధవారం

ఒక విచిత్రం. కార్డు చేతికిస్తే తిరిగి ఇవ్వడం లేదు జనం. పొద్దున ఒక బస్సు డ్రైవరు ఆఖరి వాక్యం దాకా చదివి, కార్డు తిప్పి వెనక వైపు చూశాడు. అక్కడేం లేదు.

"తర్వాతేంటండీ?"

"తర్వాత మీకు ప్లస్ ఒకటిన్నర" అన్నాను.

ఆయనకి నవ్వు రాలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

ఈ రోజు "తర్వాత?" అన్నవాళ్లు ఆరుగురు. ఊరికే లెక్కపెట్టాను.

జూన్ 19, మంగళవారం

డెబ్బై దాటిన ఒకావిడ ఫ్రేము మర ఊడిందని వచ్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు, పాల మీగడలా. నేను మర బిగిస్తుంటే బల్ల మీది కార్డు తీసుకుని ముక్కుకి ఆనించి చదవబోయింది. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"మిగతాది చదివి పెట్టమ్మాయ్."

అమ్మాయ్! నన్నలా పిలిచి ఎన్నేళ్లయిందో.

"అది పరీక్ష కార్డు మేడమ్. మేం చదవకూడదు."

"నాకు పరీక్షెందుకు? వచ్చే నెల ఆపరేషన్ పెట్టుకున్నా. చదువు."

చదివాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది.

"ఎవరు రాశారు?"

"కంపెనీ నుంచి వచ్చిందండీ."

"కంపెనీవాళ్లు రాసిందైతే నాలుగో వాక్యం దగ్గర నీ గొంతు ఎందుకు వణికింది?"

ముప్పై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిందట. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దేవాళ్లట. ఆ చెవులవి. అబద్ధం ఆడి లాభం లేదు.

"సరే, ఆ తడి పాదాలు ఎవరివి?" అంది.

"తెలీదండీ."

"రాసింది నువ్వే కదా?"

"అయినా తెలీదు."

"మంచిదే. తెలుసుకో. ఇంకోటి. అదోలా చూశాడన్నావ్. అదోలా అంటే ఎలా?"

వెనక వీధిలో టైలరు దుకాణం పైనే ఆవిడ ఇల్లు. శనివారం సాయంత్రం రాసుకుని రమ్మంది. "నాకు కళ్లు లేవు, నీకు చెవుల్లేవు. ఇద్దరం సరిపోతాం."

వెళ్లను. ఒకసారి వెళ్లి చూశాంగా, లైబ్రరీ మేడ మీదికి.

జూన్ 23, శనివారం

వెళ్లాను. ఆ మర మళ్లీ వదులైందేమో చూసి వద్దామని.

మర బాగానే ఉంది. సంచీలో రెండు కాగితాలు కూడా ఉన్నాయి, లంచ్‌లో గీకినవి. రెండో అంతస్తు ఆయన గురించి. ఆవిడ గది నిండా పుస్తకాలు, ఒక మంచం, కిటికీ దగ్గర రెండు కుర్చీలు. కింద టైలరు మిషను చప్పుడు నేలలోంచి కాళ్లకి తగులుతోంది.

చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు ఒక్క ఊపిరిలో చదివేశాను.

"మెల్లగా చదువమ్మా. నిన్నెవరూ తరుముకు రావడం లేదు."

చదివాను. ఇప్పుడు ముక్కుతో ఏదో అంటుందనుకుని చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. రెండు జతలే ఉన్నాయి.

"జేబురుమాలుని అవసరానికంటే రెండు మడతలు ఎక్కువ పెట్టుకుంటాడన్నావ్ చూడు, అక్కడ ఆ మనిషి నా ముందుకొచ్చి నిలబడ్డాడు" అంది. "మిగతా చోట్ల ఆయన లేడు. నువ్వే నిలబడి చేతులూపుతున్నావు. 'పాపం', 'ఎంతో బాధగా', 'చెప్పలేని దిగులుతో'. ఆయన దిగులు నాకు కనపడాలి గానీ నువ్వు అడ్డం నిలబడితే ఎలా? పక్కకి తప్పుకో."

కోపం రావాలి కదా. రాలేదు. ఎందుకంటే ఏ వాక్యం నిలబడిందో ముందు చెప్పింది. మొత్తం కొట్టేయలేదు, మొత్తం మెచ్చుకోలేదు.

అప్పుడు సామాన్ల చీటీ సంగతి చెప్పేశాను. నవ్వుతూనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఏమున్నాయి ఆ చీటీలో?"

"పిడి విరిగిన కప్పు, గోడ గడియారం, మూడు కాళ్ల బల్ల, ఎవరూ వేసుకోని స్వెట్టరు..."

"అబ్బో. అన్ని చూశావంటే నీకు చూపుంది. అవి ఎవరివో చెప్పడం ఒక్కటే మిగిలింది. మీ గురువు కూడా అదే చెప్పాలనుకున్నాడేమో, చెప్పడం చేతకాలేదు."

హోంవర్కు ఇచ్చింది. షాపుకొచ్చేవాళ్లు వస్తువుల వంక ఎలా చూస్తారో గమనించాలి. "అదోలా" అన్న మాట నెల రోజులపాటు నిషేధం. మేడమ్ అనడం కూడా నిషేధం. "నేనేమన్నా బడి పంతులమ్మనా?" అంది. పెద్దమ్మా అని పిలుద్దామని నిర్ణయించుకున్నాను.

జూన్ 26

ఒకాయన కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దం వంక చూడలేదు, భార్య ముఖం వంక చూశాడు. ఆవిడ ముఖమే ఆయనకి అద్దం.

ఒకమ్మాయి వద్దని పక్కన పెట్టిన ఎర్ర ఫ్రేమునే, మేం డబ్బాలో సర్దేదాకా చూసింది.

ఇది రాయడం కాదు. హోంవర్కు.

జూన్ 30, శనివారం

దొరికింది! రెండో అంతస్తు ఆయన గొడుగు పిడి వంక ఎలా చూశాడంటే: "వీధిలో ఎవరో తన పేరు పెట్టి పిలిస్తే, తిరిగి చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టినవాడిలా."

పెద్దమ్మ తొడ చరిచింది. "అయితే ఆ గొడుగు ఆయనదే!" అంది.

నిజమే సుమా. అప్పటిదాకా నాకే తెలియదు.

జూలై 2, సోమవారం

మా ఆయనకి చదివి వినిపించాను, నాలుగు పేజీలయింది మరి. అలవాటుగా "సూపర్" అన్నాడు. కాగితాలు మడిచి లేవబోతుంటే, "ఆ బిల్డింగుకి లిఫ్టు లేదా?" అన్నాడు.

"నీకు ఎప్పుడూ లిఫ్టుల గోలే."

"అది కాదే. లిఫ్టుంటే ఎవడైనా లిఫ్టెక్కుతాడు. తడికాళ్లతో మెట్లెక్కాడంటే ఎవరి కంటా పడకూడదనే. మా పనిలో రోజూ చూస్తాం, దాపరికం ఉన్నోడెప్పుడూ మెట్ల మీదే."

నేను మళ్లీ కూర్చున్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో నా కథ మీద ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. వంద సూపర్లు దీని కాలి గోటికి సరిపోవు. ఆ మాటే చెప్తే, "అయితే సూపర్ అనడం మానెయ్యనా?" అని దిగులుపడ్డాడు. రెండూ అనమన్నాను.

జూలై 6, శుక్రవారం

ఘోరం జరిగింది.

పెద్దమ్మ ఇంటి కింద టైలరుకి పోయినవారం కళ్లజోడు ఇచ్చాను. పాపం కార్డు గడగడా చదివేశాడు. మొదట పెట్టిన అద్దంతోనే అంత బాగా చదివాడంటే ఇక చాలనుకుని తక్కువ పవరు రాశాను. ఈ రోజు ఒక చొక్కా పట్టుకొచ్చాడు. కుడిచేతి స్లీవ్ తలకిందులుగా కుట్టాడు. వేళ్లకి మూడు చోట్ల సూది దిగింది.

"మీరు కార్డు చదివారా, అప్పజెప్పారా?" అని అడిగాను.

"మా ఆవిడకి మీరు చూశారు కదండీ ముందు. ఇంటికొచ్చి ఆ గొడుగు కథ చెప్పింది. కార్డు చూడగానే నోటికొచ్చేసింది" అన్నాడు.

ఓనరు అక్కడే ఉన్నాడు.

"పరీక్ష కార్డు మీద కథలేంటండీ! జనం చూడ్డం మానేసి అప్పజెప్తున్నారు!"

ఆయన అరవడం కాదు నాకు తగిలింది. ఆయన అన్నది నిజం. పదహారేళ్లలో చూపు తప్పు రాయడం ఇదే మొదటిసారి. పాత వార్తాపత్రిక ముక్క ఇచ్చి మళ్లీ పరీక్ష చేశాను. కొత్త అద్దాలు పెట్టిస్తాం. టైలరు మంచివాడు, "పోన్లెండి, ఇంతకీ గొడుగు ఎవరిది?" అన్నాడు. ఓనరు ముందు.

కార్డు సొరుగులోకి పోయింది. ఇక రాయను. ఈసారి నిజంగానే.

జూలై 7, శనివారం

పెద్దమ్మ ఇంటికి వెళ్లలేదు. తలనొప్పి.

జూలై 14, శనివారం

తలనొప్పి.

జూలై 17, మంగళవారం

మధ్యాహ్నం తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. వెనక వీధి నుంచి గోడ పట్టుకుని, కనపడినవాళ్లనల్లా అడుగుతూ, ఒంటరిగా. చీర అంచుకి సున్నం. నేను గబగబా వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఎల్లుండి పొద్దున నా ఆపరేషన్. ఆ పాదాలెవరివో తెలియకుండా నేనా బల్ల ఎక్కను. డాక్టరుకి కూడా చెప్పేశా" అంది.

టైలరు సంగతి చెప్పాను. ఆవిడ నవ్విన నవ్వుకి దగ్గొచ్చి, కుర్చీ వేసి మంచినీళ్లివ్వాల్సి వచ్చింది.

"ఒకసారి నేను దిద్దిన శుభలేఖలో పెళ్లికూతురి పేరుండాల్సిన చోట అచ్చాఫీసు యజమాని పేరు పడింది. ఆయనకి మీసాలు ఇంతింత. అయిదొందలు అచ్చయ్యాక చూశాం. రెండ్రోజులు ఇంట్లో దుప్పటి కప్పుకు పడుకున్నా. మూడో రోజు వెళ్లి మళ్లీ ప్రూఫులు దిద్దా. లేకపోతే ఏం చేస్తాను? నాకొచ్చింది అదే, నాకు ఇష్టమైందీ అదే."

ఓనరు మా దగ్గరకు జరిగాడు. ఆవిడ ఆయన గొంతు ఎటునుంచి వస్తుందో అటు తిరిగింది.

"తప్పు కథది కాదు బాబూ, ఒకే కార్డుది. నాలుగు రకాలుంచి మార్చి మార్చి చూపించండి. అప్పుడెవరు అప్పజెప్తారు?"

"నాలుగు కథలెవరు రాస్తారండీ?" అన్నాడు ఓనరు.

ఇద్దరూ నా వైపే తిరిగారు. ఆవిడకి నేను కనిపించకపోయినా సరే.

జూలై 18

రెండో అంతస్తు ఆయన ఎక్కడికెళ్తాడో తెలిసింది! పొద్దున పళ్లు తోముకుంటుంటే తెలిసింది. నురగ నోటితోనే కేకపెట్టాను. మా ఆయన స్క్రూడ్రైవరుతో పరుగెత్తుకొచ్చాడు.

లంచ్ మొత్తం రాశాను. అన్నం తినలేదు. డబ్బా చూసి మా ఆయన తిట్టాడు.

జూలై 19, గురువారం

ఆసుపత్రి. కంటి ఆపరేషన్లకి వచ్చినవాళ్లందరూ ఆకుపచ్చ గౌన్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. పెద్దమ్మ కంట్లో చుక్కలు వేశారు. అరగంట టైముందంది నర్సు. ఓనరు సెలవిచ్చాడు, అదీ అడగకుండానే.

చదివాను. రెండో అంతస్తు ఆయన అరవై రెండో ఏట ఈత నేర్చుకుంటున్నాడు. రోజూ మధ్యాహ్నం పక్క వీధి కొలనుకి వెళ్తాడు, దారిలో తెలిసినవాళ్లకి ముఖం కనపడకుండా ఎండలో గొడుగు అడ్డం పెట్టుకుని. ఆ రోజు హడావుడిలో మెట్ల మీద మర్చిపోయాడు. అది తనదేనంటే ఎక్కడికెళ్తున్నారని అడుగుతారు. అందుకే కాదన్నాడు. సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా, తడికాళ్లతో మెట్లెక్కి గొడుగు తీసుకుపోయాడు. ఆఖర్న మూడో అంతస్తు ఆవిడ ఆ గుర్తుల్ని తుడిచేస్తుంది, ఎవరివో తెలిసినా ఎవరికీ చెప్పకుండా.

వరసలో పక్కనున్న ముసలాయన మా వైపు జరిగాడు, ఆయనా విన్నాడు మరి.

"అంత వయసొచ్చాక నేర్చుకునే సంగతి ఆయనెందుకు దాస్తున్నాడో నీకెలా తెలిసింది?" అంది పెద్దమ్మ.

"ఊరికే తోచింది" అన్నాను.

"ఊఁ" అంది.

నర్సు ట్రే పట్టుకుని నిలబడిపోయి ఉంది. "ఇంతకీ ఆయనకి ఈత వచ్చిందా మేడమ్?" అంది.

పెద్దమ్మ లేచి ఆవిడ భుజం పట్టుకుంది. "పదండి, నా కన్ను బాగుచెయ్యండి. నేను చదివి చెప్తా."

జూలై 28, శనివారం

ఒక కన్ను బాగైంది. కాగితాలు ఆవిడే చదివింది, మొదటిసారి, తన కంటితో. ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకుంది ముందే. ఆరు పేజీల్లో నలభై ఒక్క తప్పులు. ఒక్కొక్కటి దిద్దుతూ ఆవిడ పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

"ఒత్తులన్నీ ఎక్కడ దాచావే? రెండేళ్లయింది ఇలా దిద్ది. ప్రాణం లేచొచ్చింది" అంది.

అక్కడక్కడ మార్జిన్లో చిన్న నిలువు గీతలున్నాయి. ఇవేం తప్పులని అడిగాను. తప్పులు కావట, మళ్లీ చదువుకోవాలనిపించిన చోట్లట. తొమ్మిది ఉన్నాయి. ఇంటికొచ్చి మళ్లీ చూసుకున్నాను. తొమ్మిదే.

ఆఖరి పేరా తీసెయ్యమంది. తియ్యను. అదే అన్నిటికంటే బాగుంది.

ఆగస్టు 1

పత్రికకి పంపాను. షాపులో మిగతా మూడు కార్డులు కూడా అయిపోయాయి. ఓనరు నాలుగూ కలిపి పేక ముక్కల్లా కలుపుతున్నాడు.

ఆగస్టు 24, శుక్రవారం

పత్రికలో వేసుకుంటారట! ఆఖరి పేరా తీసేస్తేనట.

పెద్దమ్మ "నేనేం అనలేదు" అంది. మూడుసార్లు అంది.

ఆగస్టు 31, శుక్రవారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

లంచ్ టైములో ఓనరు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు. ఆర్డర్ల పుస్తకంలోంచి చింపిన కాగితం చేతిలో ఉంది, ఎనిమిది మడతలు పెట్టి.

"ఊరికే. టైముంటేనే. లేకపోతే వద్దు. అసలు వద్దులెండి" అన్నాడు.

పదహారేళ్లుగా నా మీద అరుస్తున్న మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. పరీక్ష కుర్చీ చూపించాను.

"కూర్చుని మీరే చదవండి సార్."

"నేనా? పైకా?"

"మెల్లగా చదవండి. ఎవరూ రారు."

ఆయన చదివాడు. వాళ్ల నాన్న గురించి. త్యాగమూర్తి, కరుణాసముద్రుడు, మా కుటుంబానికి వెలుగు, మా జీవితాలకి దీపం. వెలుగూ దీపమూ రెండూ ఒకేచోట. వింటుంటే నిలబడడానికి ఎక్కడా చోటు దొరకడం లేదు నాకు. బాగుంది సార్ అనేసి, అన్నం డబ్బా తెరుచుకుందామా అనిపించింది. అదే తేలిక. ఆయన కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. కాగితం అంచు వేళ్లతో నలుపుతున్నాడు.

అప్పుడొక వాక్యం వచ్చింది. ఆయన దాన్ని గబగబా దాటేశాడు.

"ఆగండి సార్. ఇందాకటిది మళ్లీ చదవండి."

"ఏది? కరుణాసముద్రుడా?"

"కాదు. దాని తర్వాతది."

"'అద్దాలు తుడిచేటప్పుడు నాన్న ఊపిరి బిగబట్టేవాడు.' ఇదా? ఇది మామూలేనండీ. ఊపిరి తగిలితే అద్దం మసకేస్తుంది కదా."

"తర్వాత?"

"తర్వాతేముంది? చివర్లో ఆయనకి ఊపిరి అందేది కాదు. ఆయాసం. అయినా షాపుకొచ్చేవాడు. అద్దం చేతిలోకి తీసుకోగానే మళ్లీ బిగబట్టేవాడు. నాన్నా వద్దు, నేను తుడుస్తా అనేవాణ్ణి. ఇచ్చేవాడు కాదు. నేను బయట నిలబడి లోపల్నించి ఆ ఊపిరి మళ్లీ ఎప్పుడు వినిపిస్తుందా అని..."

ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడవబోయి, చేతిలో అలాగే పట్టుకున్నాడు.

"మీరు బయట నిలబడ్డ సంగతి ఈ కాగితంలో లేదు సార్."

"అది కూడా రాస్తారా?"

"అదే రాస్తారు సార్."

ఆయన కాగితం తిరగేశాడు. వెనక ఖాళీగా ఉంది. నా బల్ల మీది పెన్ను అడగకుండా తీసుకున్నాడు. ఇంతలో ఎవరో గాజు తలుపు తట్టారు. పదహారేళ్లలో ఈ షాపుకొచ్చిన మనిషిని ఆయన వెనక్కి పంపడం నేను చూడలేదు. జ్వరమొచ్చిన రోజున కూడా.

ఓనరు తలెత్తలేదు.

"ఓ అరగంట ఆగి రండి" అన్నాడు.